ఒక్క మాటకే కట్టివేసిన సమూహం ఎదగదు

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలోని మన యువకులు కొన్నేళ్లుగా వాట్సాప్‌లో సమూహాలు ఏర్పరచుకొంటున్నారు. ఊరి మసీదు పేరున ఒకటి, మండలం పేరున ఒకటి, గల్ఫ్ దేశాలలో ఉన్నవారిని కలుపుకొని మరొకటి. సంకల్పం శ్లాఘనీయం. అయితే వాటిలో అనేకం పుట్టిన ఏడాదికే మూగబోతున్నవి. మొదటి నెల సందడిగా గడుస్తుంది. రెండవ నెలకు సలాములు మిగులుతాయి. ఆ పిమ్మట శుక్రవారం వచ్చే జుమా ముబారక్ బొమ్మలు, ఎవరైనా మరణిస్తే జనాజా నమాజు వేళ, రంజాన్‌లో సహరీ, ఇఫ్తార్ సమయాల పట్టిక, అంతే. రెండు వందల మంది సభ్యులున్నచోట మాట్లాడేది నలుగురు. తక్కినవారు విడిచిపోవడానికి మొగమాటపడి, మోత వినబడకుండా చేసుకొని ఊరుకొంటున్నారు.

ఇది యువకుల అలసత్వమని పెద్దలు తేల్చివేస్తున్నారు. మేము అంగీకరించము. లోపం మన నిబంధనలలో ఉన్నది. "దీన్‌కు, మసీదుకు సంబంధించిన విషయాలు తప్ప ఇతర సంభాషణ నిషేధం" అన్న వాక్యం ఈ సమూహాలలో అనేకంటి తలుపు మీద పలక వలె వేలాడుతున్నది. ఎవరైనా అంబాజీపేటలో కొబ్బరి ధర ఎంత పలికిందని అడిగితే అడ్మిన్ ఆ సందేశాన్ని తుడిచివేస్తాడు. రెండవసారి అడిగితే అడిగినవానినే తొలగిస్తాడు. ఈ పలకను దించవలెనన్నది మా వాదన. నానావిధాలైన మాటలకు చోటివ్వని సమూహం ఎదగదు. ఎదగని సమూహానికి, హక్కుల ప్రశ్న వచ్చిననాడు, నిలబడే బలం ఉండదు.

ఈ విషయం మనకే ఎందుకు ముఖ్యమో ముందుగా చెప్పవలెను. గుంటూరు, కర్నూలు, కడప వంటి పట్టణాలలో మనవారికి మొహల్లాలున్నవి. అక్కడ తెల్లవారి టీ కొట్టు దగ్గరే సగం వార్తలు చేతులు మారుతాయి. కోనసీమ స్థితి వేరు. గౌతమి, వసిష్ఠ పాయల నడుమ, వైనతేయ చీల్చిన నేల మనది. పూర్వపు తూర్పుగోదావరి జిల్లాలో 2011 జనగణన నాటికి మన సంఖ్య నూటికి ఇద్దరి కంటె తక్కువ. ఒక ఊరిలో పది కుటుంబాలు, మరొక లంకలో మూడు, ఇంకొక కూడలిలో ఒక టైలరు, ఒక మెకానిక్కు. ఇంత చెదరి ఉన్నవారికి రచ్చబండ ఎక్కడ? చాలామందికి చేతిలోని ఆ ఫోనే రచ్చబండ. దాని మీద కూర్చొనేవారు ఏ మాట మాట్లాడవలెనో ముందే నిర్ణయించివేస్తే అక్కడికి ఎవరు వస్తారు?

నిషేధాన్ని సమర్థించేవారి మొదటి వాదం ఇది: "అన్ని మాటలకూ చోటిస్తే అసలు మాట మరుగున పడుతుంది." ఈ వాదానికి సమాధానం మన తెలుగు నేలమీదే ఉన్నది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల కుటుంబాన పుట్టి, బుర్రకథకు ప్రాణం పోసి, 1986లో పద్మశ్రీ అందుకొన్న షేక్ నాజర్ గారి కళను తలచుకోండి. బుర్రకథలో కథకుడు ఒక్కడే నిలబడడు. ఆయనకు ఇరువైపులా ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరు హాస్యం చెప్పేవారు, మరొకరు లోకంలోని రాజకీయం చెప్పేవారు. పల్నాటి యుద్ధం చెబుతూ నడుమ ఊరి కరణం మీద చమత్కారం విసిరినంత మాత్రాన బ్రహ్మనాయుడు మరుగున పడలేదు. పైగా ఆ చమత్కారం కోసం వచ్చి కూర్చొన్నవాడు కథ ముగిసేదాకా లేవలేదు. వేలమందిని తెల్లవార్లూ కూర్చోబెట్టిన రహస్యం ఆ కలయికలో ఉన్నది. వంతలిద్దరినీ వేదిక దింపివేసి కథకుణ్ణి ఒక్కణ్ణే నిలబెట్టి, జనం రాలేదని జనాన్ని నిందించడం ఏమి న్యాయం?

రెండవ వాదం మతం పేరిట వస్తున్నది. లౌకిక ప్రసంగం దీన్‌కు తగదట. ఇలా అనేవారు మదీనా మసీదు చరిత్రను ఒకసారి చదువుకొందురు గాక. దైవప్రవక్త (స) ఫజ్ర్ నమాజు తరువాత సూర్యోదయం వరకు తమ స్థానంలో కూర్చొనేవారనీ, సహాబాలు తమ అజ్ఞానకాలపు సంగతులు చెప్పుకొని నవ్వుకొంటూ ఉంటే ఆయన చిరునవ్వు నవ్వేవారనీ జాబిర్ బిన్ సమురా (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉన్నది. పండుగనాడు అబిసీనియావారు ఆ మసీదులోనే ఈటెలతో విన్యాసాలు చేశారు. యుద్ధంలో గాయపడిన సఅద్ బిన్ ముఆజ్ (రజి) కోసం అక్కడే గుడారం వేశారు. ఇల్లు లేని విద్యార్థులు సుఫ్ఫా అరుగు మీద చదువుకొన్నారు. మసీదులో క్రయవిక్రయాలు కూడవన్న నియమం మాకు తెలియనిది కాదు. అయితే వాట్సాప్ సమూహం మసీదు కాదు. మసీదులో కూడనిదాన్ని బజారులోనూ కూడదని ఏ ఆలిమూ చెప్పలేదు. తొలి ముస్లిం సమాజం నవ్వును, ఆటను, చికిత్సను, చదువును ఒక్క కప్పు కింద ఉంచుకోగలిగినప్పుడు, మన ఫోన్లు అంతకంటె పవిత్రమైనవా?

ఇక పనికిరాని మాట అన్నది ఎంత పనికివస్తుందో చూద్దాము. 2025 వక్ఫ్ సవరణ చట్టం తరువాత కేంద్ర ప్రభుత్వం జూన్ 6న ఉమీద్ పోర్టల్‌ను ప్రారంభించి, వక్ఫ్ ఆస్తుల వివరాలను ఆరు నెలలలో అందులో నమోదు చేయవలెనన్నది. గడువు పెంచుమన్న విన్నపాన్ని సుప్రీంకోర్టు డిసెంబరు 1న అంగీకరించక, అవసరమైనవారు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చునన్నది. ఆ చట్టం మంచిచెడ్డలు వేరొక వ్యాసానికి విషయం. ఆ ఆరు నెలలలో కొన్ని చిన్న మసీదుల కాగితాలు సరిచూచే పనిలో మేము ఉన్నాము. జీవితమంతా ఫైళ్ల మధ్య గడిపినవారము గనుక ఆ పని మాకు అప్పగించారు. సర్వే నంబరు కావలెను, సరిహద్దులు కావలెను, దస్తావేజు కావలెను. ఒక ఊరి మసీదు దస్తావేజు ఎక్కడున్నదో ముతవల్లికే తెలియదు. "పాత పత్రములు ఎవరి వద్దనైనా ఉన్నచో వెంటనే తెలుపగలరు" అని ఊరి సమూహంలో ప్రకటన పెట్టారు. మూడు వారాలు గడిచినా ఒక్క జవాబు రాలేదు.

జవాబు మరొక చోటి నుంచి వచ్చింది. ఆ ఊరి కుర్రవాళ్లు కొందరు ఆంక్షలు లేని చిన్న సమూహం ఒకటి నడుపుకొంటున్నారు. క్రికెట్టు, పులస ధర, సినిమాలు, అన్నీ అందులో మాట్లాడుకొంటారు. అందులో ఒకడు, 1986 ఆగస్టు వరదలో గోదావరి మన వీథిలో ఎంత ఎత్తుకు వచ్చిందని ఊరకే అడిగాడు. సర్వే శాఖలో చైన్‌మన్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న ఒక పెద్దాయన, అంతవరకు ఒక్క అక్షరం రాయనివాడు, గొంతు సందేశంలో ఆ రాత్రి కథంతా చెప్పాడు. నీరు అరుగెక్కిన తరువాత తన తండ్రి ఇంటి ట్రంకుపెట్టెను, అందులోనే మసీదు కాగితాలను పెట్టి, పడవ మీద ఏటి అవతల బంధువుల ఇంటికి చేర్చాడని ఆ కథలో ఒక మాట దొర్లింది. దస్తావేజు ఆ పెట్టెలో దొరికింది. ప్రకటన అడిగిన ప్రశ్నకు రాని జవాబు, వరద ముచ్చటకు వచ్చింది. ఆ పెద్దాయన ప్రకటనను చూడకపోలేదు. చూచి, ఇది చదువుకొన్నవారి వ్యవహారమనుకొని ఊరుకొన్నాడు. తనకు తెలిసిన విషయం మీద తనను ఎవరో అడిగేదాకా తానూ ఆ సమూహంలో ఒకడినని ఆయనకు అనిపించలేదు.

హక్కుల పోరాటానికి కావలసిన సమాచారం హక్కుల భాషలో నిల్వ ఉండదని గ్రహించవలెను. అది వరద కథలో, పెళ్లి ముచ్చటలో, కొబ్బరి దింపు కూలీ లెక్కలో దాగి ఉంటుంది. మైనారిటీ విద్యార్థుల ప్రీ మెట్రిక్ ఉపకారవేతనాన్ని కేంద్రం 2022-23 నుంచి 9, 10 తరగతులకే పరిమితం చేసింది. అదే డిసెంబరులో మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను నిలిపివేస్తున్నట్లు ప్రకటించింది. పిల్లల చదువు గురించి రోజూ మాట్లాడుకొనే చోట ఇటువంటి వార్త ఆ పూటే ఇంటింటికీ చేరుతుంది. మాట్లాడుకోని చోట తల్లిదండ్రులు బడి గుమస్తా నోట ఏడాది తరువాత వింటారు. నాలుగు శాతం బీసీ-ఇ రిజర్వేషన్ సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుల నీడలో ఇన్నేళ్లుగా నడుస్తున్నదని, దూదేకులవారు బీసీ-బిలో ఉన్నారని, ఎవరికి ఏ ధ్రువపత్రమో మన పిల్లలలో ఎందరికి తెలుసు? కాలేజీలో చేరికల నాడు తహసీల్దారు కార్యాలయం వరుసలో నిలబడి తెలుసుకోవలసిన సంగతులా ఇవి?

గల్ఫ్ ప్రయాణం సంగతి మరీ బాధాకరం. రాజోలు, మలికిపురం వైపు నుంచి కువైట్, ఖతర్ వంటి దేశాలకు ఇంటిపనికి వెళ్లే స్త్రీలలో అన్ని కులాలవారు, అన్ని మతాలవారు ఉన్నారు. ఎమిగ్రేషన్ తనిఖీ అవసరమైన పాస్‌పోర్టుతో గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లే స్త్రీకి 30 ఏళ్లు నిండి ఉండవలెనని ప్రభుత్వ నియమం. ఆ నియమాన్ని తప్పించడానికి ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపుతారు. చేరిన తరువాత పాస్‌పోర్టు యజమాని బీరువాలోకి పోతుంది. ఇటువంటి మోసం నుంచి కాపాడేది ఎవరు? అక్కడ పదేళ్లు పనిచేసి వచ్చిన ఒక ఆపా రెండు మాటలు చెబితే చాలును. కానీ మన సమూహాలలో ఆపాలు ఎక్కడ? మగవారి నంబర్లతో నింపి, జనాజా వేళలకు పరిమితం చేసినచోట ఆమె నోరు విప్పే సందర్భం ఏది? వంట గురించి, పిల్లల జ్వరం గురించి, కుట్టుమిషను గురించి మాట్లాడవచ్చునన్ననాడు ఆమె వస్తుంది. వచ్చిన తరువాత వీసా గురించి తానే చెబుతుంది.

మూడవ వాదం భయానికి సంబంధించినది. దీనిని మేము తేలికగా తీసివేయము. "రోజులు బాగాలేవు. మాటకు మాట పెరిగితే ఎవరో ఫొటో తీసి పోలీసులకు పంపుతారు. మౌనమే క్షేమం" అంటున్నారు. కోనసీమవాసులకు ఈ భయం 2022 మే 24 నుంచి మరింత పెరిగింది. జిల్లాకు డాక్టర్ అంబేడ్కర్ పేరు చేర్చడంపై అమలాపురంలో నిరసన హింసగా మారి, మంత్రి ఇల్లు, శాసనసభ్యుని ఇల్లు తగులబడిన దినమది. వాట్సాప్ సమూహాల ద్వారా జన సమీకరణ జరిగిందని పోలీసులు ప్రకటించారు. రోజుల తరబడి ఇంటర్నెట్ ఆగిపోయింది. ఇంటి నుంచి ఉద్యోగం చేసుకొనే పిల్లలు సిగ్నల్ కోసం జిల్లా పొలిమేరలు దాటి వెళ్లవలసి వచ్చింది.

అయితే ఆ ఘటన నేర్పిన పాఠం మౌనమా? మేము మరొక విధంగా చదువుతాము. ఒకే కోపం చుట్టూ చేరిన సమూహం ఎండిన కొబ్బరిమట్టల పోగు వంటిది. అందులో అందరిదీ ఒకే మాట గనుక ఆపేవాడు ఉండడు. దింపు కూలీ, ధాన్యం తూకం, బిడ్డ పరీక్ష, పక్కింటివారి పెళ్లి, ఇవన్నీ మాట్లాడుకొనే చోట వదంతి వచ్చినా దాన్ని నిలదీసే మనిషి ఒకడు ఉంటాడు. "ఆ పేటలో మా చెల్లెలు ఉన్నది, ఇప్పుడే ఫోను చేశాను, అక్కడ ఏమీ లేదు" అని చెప్పగలిగినవాడు వెయ్యి హితబోధల పెట్టు. అటువంటి పరిచయం ఒక్కనాడు పుట్టదు. ముచ్చట్లలో మెల్లగా పెరుగుతుంది. ఒకే మాటకు కట్టివేసిన సమూహానికి రెండే గతులు. అయితే నిద్రపోతుంది, కాకపోతే మండుతుంది.

మరొక ఘటన కూడ గుర్తు చేస్తాము. 2014 జూన్ 27న మామిడికుదురు మండలం నగరంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా మరణించారు. మంటలు ఏ ఇంటి తలుపు మీద ఏ గుర్తు ఉన్నదో చూడలేదు. పేలుడుకు ముందు గ్యాస్ వాసన వస్తున్నదని స్థానికులు చెప్పుకొన్నట్లు అప్పట్లో పత్రికలలో వచ్చింది. రేపు మన ఊరిలో ఒక కుర్రవాడు "కాలువ గట్టున వాసన వస్తున్నది" అని సమూహంలో రాస్తే, విషయాంతరమని తుడిచివేద్దామా? కోనసీమ నేల కింద పైపులున్నంత కాలం ఆ మాట కంటె అత్యవసరమైన మాట మరొకటి లేదు.

వైవిధ్యం వల్ల సమాజం పలచబడదని, పెరుగుతుందని చెప్పడానికి మన సాహిత్యమే సాక్షి. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ'తో తెలుగులో ముస్లిం వేదన ఒక గొంతు తెచ్చుకొన్నది. 1998లో 'జల్‌జలా' కవితా సంకలనంతో ఆ గొంతుకు తోడుగా మరికొన్ని గొంతులు కలిశాయి. ఉద్యమం అక్కడే ఆగి, ఒక్క గాయాన్నే పాడుకొంటూ ఉన్నట్లయితే ఏమయ్యేదో ఊహించవచ్చును. ఆగలేదు. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' ద్వారా కావలి వీథులలోని ఆటలు, తిండి, తల్లి తిట్లు, తండ్రి చాకిరీ తెలుగిళ్లలోకి నడిచివచ్చాయి. ముస్లిమేతరులు వాటిని తమ బాల్యమన్నంత ప్రీతిగా చదువుకొన్నారు. 2004లో 'వతన్' కథాసంకలనం వచ్చింది. 2005లో షాజహానా 'నఖాబ్' వెలువడింది. అందులో స్త్రీ గొంతు బయటివారినీ ప్రశ్నించింది, ఇంటివారినీ ప్రశ్నించింది. కొందరు పెద్దలకు నచ్చలేదు. నచ్చనంత మాత్రాన సమాజం కూలిపోలేదు. పాఠకులు పెరిగారు, రచయితలు పెరిగారు.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా మరొక ఉదాహరణ. జీతం లేని కొందరు ఔత్సాహికులు దానిని పెంచారు. తమ చర్చాస్థలికి వారు రచ్చబండ అని పేరు పెట్టుకొన్నారు. పల్లెటూళ్ల గురించి ఒకరు, పాత సినిమాల గురించి మరొకరు, పుస్తకాల గురించి వేరొకరు రాశారు. ఛందస్సు తెలిసినవారు మాత్రమే రావలెనని తలుపు వేసుకొని ఉంటే అది నేటికీ పదిమంది పండితుల వ్యాపకంగా మిగిలి ఉండేది. తన ఊరి పేరు చూచుకొని ఒక తప్పు దిద్దడానికి వచ్చినవాడే తరువాత వ్యాసం రాయడానికి కూర్చొంటాడు.

విమర్శించి ఊరుకోవడం మా పద్ధతి కాదు. చేయవలసినవి చెబుతాము.

నిషేధ వాక్యాన్ని తొలగించి దాని స్థానంలో నాలుగు నియమాలు పెట్టండి. నిర్ధారించుకోని వార్త పంపరాదు. ఏ కులాన్ని, మతాన్ని, మస్లక్‌ను దూషించరాదు. స్త్రీల ఫొటోలను, నంబర్లను బయటికి పంపరాదు. అప్పు, చీటీ వ్యవహారాలు పెట్టరాదు. ఈ నాలుగింటికి లోబడిన ఏ మాటనైనా రానివ్వండి. ఫార్వర్డ్ బొమ్మలకు శుక్రవారం ఒక్కపూట కేటాయించండి. సొంత మాటకు ఏడు దినాలూ ఇవ్వండి.

సమూహం కొత్తదైనప్పుడు మాట దానంతట అది పుట్టదు. పదిమంది పూనుకొని పుట్టించవలెను. ఒకరు రావులపాలెం అరటి మార్కెట్టు ధర రోజూ పెట్టే బాధ్యత తీసుకొనవలెను. ఒకరు ఉద్యోగ ప్రకటనలు చూడవలెను. ఒక ఉపాధ్యాయుడు పిల్లల సందేహాలకు జవాబు చెప్పవలెను. ఒక ఆపా గల్ఫ్ ప్రయాణం సంగతులు చూడవలెను. ఒకరు ఊరి పాత ఫొటోలు వెదకి పెట్టవలెను. కొత్తవాడు మొదటిసారి నోరు విప్పినప్పుడు గంటలోపు ఎవరో ఒకరు బదులివ్వవలెను. బదులు రాని మొదటి మాటే చాలామందికి చివరి మాట అవుతుంది. దూదేకుల సోదరుడు తెలుగులో రాస్తే ఉర్దూ రాదని ఎకసెక్కెం చేయరాదు. ఏ లిపిలో రాసినా మాట మనదే.

పెద్దలకు ప్రత్యేకంగా ఒక మనవి. మేమూ ఆ వయస్సువారమే గనుక చెప్పే చనవు మాకున్నది. ప్రతి మాట చివర తీర్పు చెప్పే అలవాటు మానుకొందము. యువకుడు ఒక సినిమా గురించి రాసినప్పుడు హరామా హలాలా అని మొదలుపెట్టక, కథ ఏమిటని అడుగుదము. విభేదం వచ్చినప్పుడు మనిషిని తొలగించడం అధికారుల పద్ధతి. సమాజాన్ని నడిపేవారి పద్ధతి ఓపికగా వాదించడం. అడ్మిన్ అన్నది హోదా కాదు, అరుగు ఊడ్చే పని. ఊడ్చేవాడు అరుగు మీద ఎవరు కూర్చోవలెనో శాసించడు.

వచ్చే శుక్రవారం జుమా ముబారక్ బొమ్మకు బదులుగా మీ సమూహంలో ఒక ప్రశ్న పెట్టండి. మీ ఊరి మసీదు ఏ ఏడాది కట్టారు, మొదటి ఇటుకలు ఏ రేవున దిగాయి, ఎవరు మోశారు అని అడగండి. ఎవరు బదులిస్తారో చూడండి. అంతవరకు ఒక్క అక్షరం రాయనివారే బదులిస్తారు. వారి పేర్లు రాసి ఉంచుకోండి. రేపు కార్యాలయం మెట్లెక్కవలసి వచ్చిననాడు మీతో వచ్చేది వారే.